పచ్చమేడ దగ్గర ఎడమకు

భూమి పట్టాదారుది, ఆకాశం సర్కారుది. ఇది లోకమంతా ఒప్పుకున్న సంగతి. అయితే పట్టాదారు మేడకప్పుకూ సర్కారు ఆకాశానికీ నడుమ మిగిలే ఆ కాస్త గాలి ఎవరిదన్న ప్రశ్నకు ఏ చట్టంలోనూ జవాబు లేదు. ఎర్రకుంటపల్లిలో మాత్రం ఉంది. ఆ గాలి సంగప్ప పటేల్‌ది.

పటాన్‌చెరులో బస్సు మారి, మందుల కంపెనీ గోడ వెంబడి ముక్కు మూసుకుని నడిస్తే వచ్చే ఊరు అది. దానికి కొంత దూరంలో కుర్రవాళ్లకు విమానం నడపడం నేర్పే మైదానం ఒకటుంది. తొంభై రెండో సంవత్సరం నుంచి, ఆదివారం తప్ప రోజూ పొద్దున పది గంటలకు అరడజను విమానాలు ఒకదాని వెనక ఒకటి ఊరి మీదికి వచ్చేవి. ఎంత కిందికంటే, కోళ్లు మంచాల కింద దూరేవి, గోడమీది దేవుడి పటాలు పక్కకు తిరిగేవి. సరిగ్గా సంగప్ప మేడ మీదికి రాగానే ప్రతి విమానమూ ఎడమ రెక్క వంచి, గిర్రున తిరిగి వెళ్లిపోయేది.

ఊళ్లో మొదటి రెండంతస్తుల మేడ అది. కట్టించినప్పుడు సంగప్ప పటాన్‌చెరు రంగుల షాపుకు పోయి, "మా ఊర్ల ఎవ్వరికి లేని రంగియ్యి" అన్నాడు. ఎవరూ కొనక ఏడాదిగా మూలుగుతున్న చిలకపచ్చ డబ్బాలు షాపువాడి దగ్గరున్నాయి. ఇద్దరూ సంతోషంగా విడిపోయారు. అంచులకు రాణి రంగు మాత్రం సంగప్ప సొంత ఆలోచన.

ఇక విమానాల సంగతి. సంగప్ప బామ్మర్ది యాదగిరికి ఆ మైదానంలో నౌకరీ దొరికింది. ఏం నౌకరీ అని ఎవరో అడిగితే, "విమానాల కాడనే" అన్నాడు సంగప్ప. అది అబద్ధం కాదు. విన్నవాళ్లే దాన్ని బస్టాండు దాకా మోసుకెళ్లేసరికి పైలట్ చేశారు. సంగప్ప దిద్దలేదు, అంతే. తర్వాత ఒకరోజు రెక్క ఎందుకు వంగుతున్నదని అడిగారు. "అక్క ఇల్లు గదా, దండం పెడుతున్నడు" అన్నాడు. ఇది మాత్రం అబద్ధమే.

అప్పటినుంచి ఆయన రోజూ పదికి ఐదు నిమిషాలుండగా ఎర్ర తువ్వాల భుజాన వేసుకుని డాబా ఎక్కేవాడు. విమానం వంగితే తువ్వాల ఊపేవాడు. పెళ్లిళ్లలో ముందు వరస కుర్చీ ఆయనదైంది. కంపెనీ గేటు దగ్గర బీహారు వాచ్‌మన్ కూడా లేచి నిలబడేవాడు.

అసలు సంగతి తెలిసింది ఆయన భార్య నర్సింహమ్మ ఒక్కతికే. యాదగిరి ఆమె తమ్ముడు కదా. అతని పని విమానాలు లేచే దారిలో పటాకులు కాల్చి కొంగలనూ గద్దలనూ తరమడం.

"ఎందుకయ్యా గట్ల తువ్వాల ఊపుతవ్? మా తమ్ముడు గా విమానంల ఉన్నడా?" అని అడిగేది ఆమె.

"విమానం లేచిందంటే దారిల కొంగలు లేవన్నట్టు. కొంగలు లేవంటే మీ తమ్ముడు ఉన్నడన్నట్టు. ఇందుల తప్పేమున్నది?"

ఆమె ఆ తువ్వాల ఉతికి ఆరేసేది. పెళ్లిళ్లలో ఆమెకూ కుర్చీ వేస్తున్నారు మరి.

ఇలా మూడేళ్లు హాయిగా గడిచాయి. తొంభై ఐదులో సర్పంచ్ ఎన్నికలొచ్చాయి. పంచాయతీ ఆఫీసు ముందు ఊరు కూడింది. బడిపంతులు అహరోను సార్ లేచాడు. ఊళ్లో ఏ దరఖాస్తైనా ఆయన చేతి రాతే. ఆయన కామా పెట్టని కాగితాన్ని మండల ఆఫీసులో ఎవరూ చదవరని పేరు.

"శబ్ద కాలుష్యం మితిమీరింది," అన్నాడు సార్, పుస్తకం భాషలో మొదలుపెట్టి. కోపమొచ్చేసరికి సొంత భాషలోకి దిగాడు. "మూడేండ్ల సంది మా బడి పిల్లలకు ఏడో ఎక్కం సగమే వచ్చు. ఏడైదుల ముప్పై ఐదు దాకా ఆకాశం ఊకుంటది. ఏడార్ల కాడికి రాంగనే గుర్రుమంటది. మావోళ్లు ఏడార్లెంత అంటే చెవులు మూసుకుంటున్నరు."

పాలమ్మే సోమమ్మ కొంగు బిగించింది. "నా బర్రెలు పొద్దుగూకినంక కూడ పాలిస్తలేవు సార్. పొద్దుగాల వచ్చిన విమానాన్ని యాది చేసుకుంట నిలబడుతున్నయి."

అందరూ తలలూపారు. కాగితం తయారైంది. సంతకాలూ వేలిముద్రలూ పడ్డాయి. కాగితం సంగప్ప దగ్గరికి రాగానే సార్ ఆపాడు.

"మీకు సంతకమెందుకు పటేలా? మీ బామ్మర్దికి ఒక్క మాట చెప్పుండ్రి. జెర మీదికెళ్లి పొమ్మనుండ్రి. గీ పని చేస్తే మీరే సర్పంచ్, ఏకగ్రీవం. పోటీ లేదు, పోస్టర్లు లేవు."

 తండ్రి కాలం నుంచి సంగప్ప ఇంట్లో ఎవరూ సర్పంచ్ కాలేదు. తండ్రి రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడి, ఆ బాధతోనే పోయాడు. కాదంటే ఇప్పుడే సర్పంచ్‌గిరీ పోతుంది, ఔనంటే ఎప్పుడో ఒకప్పుడు పరువు పోతుంది. ఎప్పుడు పోతుందో తెలియనిదే నయమనుకుని "చెప్త" అని ఆ కాగితం జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు మైదానం గేటు దగ్గర యాదగిరి దొరికాడు. చేతిలో పటాకుల సంచి, చెవుల్లో దూది.

"బావా, నేను చెప్తే కొంగలు వింటయి. విమానాలు వినయి," అన్నాడు చల్లగా. "కొత్త సార్ వచ్చిండు, మంచోడు. కాయిదం ఇయ్యి, చూపిస్త."

ఆ మంచోడు నిజంగానే మంచోడు. అదే వచ్చిన చిక్కు. కాగితం చదివి ఊరుకోక, నాలుగో రోజున జీపేసుకుని స్వయంగా ఊళ్లోకి వచ్చాడు. జీపు వెనక సీట్లో పటం చుట్ట పట్టుకుని యాదగిరి కూర్చున్నాడు. సంగప్ప భుజం మీది తువ్వాల తీసి చంకలో పెట్టుకున్నాడు.

ఆఫీసరు మాట్లాడింది హిందీలో. సగం ఊరు కంపెనీల్లో పనిచేస్తుంది కాబట్టి ఎవరికీ ఎవరూ తెలుగులో చెప్పనక్కర్లేకపోయింది. సంగప్ప కొంప మునిగింది అక్కడే. ఆఫీసరు జీపు బానెట్ మీద పటం పరిచి ఒక చుక్క మీద వేలు పెట్టాడు.

"మీ ఊరి పేరు మా పటంలో లేదు. ఇదిగో, ఇక్కడ 'పచ్చమేడ' అని రాసుంది. ఆరు మైళ్ల దూరం నుంచి కనిపిస్తుంది. ఇలాంటి రంగు ఈ జిల్లాలో ఇంకెక్కడా లేదు. పచ్చమేడ దగ్గర ఎడమకు తిరగండని కుర్రాళ్లకు మొదటి రోజే నేర్పుతాం."

"మరి రెక్క వంచుడు?" అని అడిగింది సోమమ్మ.

"రెక్క వంచకపోతే విమానం తిరగదమ్మా."

ఊరంతా సంగప్ప వైపు చూసింది. సంగప్ప పటం వైపు చూశాడు. ఆఫీసరు ఇది గమనించక యాదగిరి భుజం తట్టాడు. "ఇతను మీ ఊరి పటేల్ బామ్మర్దంట కదా. చాలా ముఖ్యమైనవాడు. పొద్దున్నే ఇతను పక్షుల్ని తరిమితే గానీ మా విమానం ఒక్కటీ లేవదు."

ఎక్కడో ఒకరు కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఊరి చివరి దాకా వెళ్లి తిరిగొచ్చింది. నర్సింహమ్మ కళ్లలో మాత్రం నీళ్లు తిరిగాయి. "విన్నవా, మా తమ్ముడు లేకుంటే ఒక్కటి లేవదంట," అంది మెల్లగా. మూడేళ్లుగా తమ్ముడి నిజమైన నౌకరీని ఎవరైనా నలుగురిలో మెచ్చుకోవడం ఆమె విన్నది అదే మొదలు.

"మేడకు రెండు పూతలు సున్నం వేస్తే చాలు. మా వాళ్లు వేరే గుర్తు వెతుక్కుంటారు," అని చెప్పి ఆఫీసరు వెళ్లిపోయాడు.

సర్పంచ్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.  సంగప్ప మర్నాడే సున్నం తెప్పించి రెండు కాదు, మూడు పూతలు వేయించాడు. రాణి రంగు అంచుల మీద కుంచె నడుస్తున్నప్పుడు మాత్రం లోపలికి వెళ్లిపోయాడు. ఆయన తువ్వాలను నర్సింహమ్మ ఉతికి పెట్టెలో పెట్టింది.

ఆకాశం ఊరుకుంది. పిల్లలు ఏడో ఎక్కం పూర్తిచేశారు. కోళ్లు పది గంటలకు అలవాటుగా మంచాల కింద దూరి, ఏమీ రాకపోయేసరికి సిగ్గుపడి బయటికొచ్చాయి.

వారం తిరక్కుండానే ఊరికి పిచ్చెక్కింది. విమానాలు చూద్దామని ఇస్నాపూర్ నుంచి వచ్చిన చుట్టాలు అన్నం తిని ఊరికే పోయారు. "మీ ఊరి మీదికెళ్లి ఇప్పుడేం పోతలేవంట గదా?" అని బస్సులో కండక్టర్ అడిగాడు. ఆ రోజు బస్సులో ఉన్న ఎర్రకుంటపల్లి వాళ్లెవరూ తలెత్తలేదు.

పదో రోజు పది గంటలకు సంగప్ప వాకిట్లో తీరిగ్గా పళ్లు తోముకుంటున్నాడు. గుర్రుమని విమానం వచ్చింది. ఆయన మేడను దాటిపోయి, బడి పక్కన రెక్క వంచింది. చూస్తే అహరోను సార్ ఇల్లు నిలువునా చిలకపచ్చ! అంచులకు రాణి రంగు. కప్పు మీద సార్, చేతిలో తువ్వాల.

"ఇదేంది సార్?" అన్నాడు సంగప్ప, బడి వదిలాక ఎదురుపడి.

"పిల్లలకు సైన్స్ తెలవాలె గదా పటేలా. పుస్తకంల చదివితే ఏం సమజైతది?"

"మరి ఏడో ఎక్కం?"

"వచ్చేసింది. ఎనిమిదో ఎక్కం పదిన్నరకు పెట్టుకుంట."

మూడో రోజుకు సోమమ్మ బర్రెల కొట్టం పచ్చబడింది. అడిగితే, చప్పుడు లేక బర్రెలు బెంగపెట్టుకున్నాయంది. ఆ తర్వాత కిరాణం కొట్టు, వడ్ల గిర్ని, చివరికి ఒకరి స్నానాల గది. కాగితం మీద సంతకం చేసిన వరసలోనే ఇళ్లు పచ్చబడ్డాయి. పటాన్‌చెరు షాపువాడు చిలకపచ్చ కోసం హైదరాబాదుకు లారీ పంపాడు. నేర్చుకునే కుర్రాళ్లు ఏ పచ్చ దగ్గర తిరగాలో తెలియక ఊరి చుట్టూ గింగిరాలు తిరగసాగారు. చప్పుడు నాలుగింతలైంది. దరఖాస్తు పెట్టినవాడు ఒక్కడూ లేడు.

నామినేషన్ల రోజు వచ్చింది. సర్పంచ్‌కు ఏడుగురు సిద్ధమయ్యారు, ఏడుగురివీ పచ్చ ఇళ్లే. పొద్దున పంచాయతీ ఆఫీసు దగ్గర అందరూ కాగితాలతో నిలబడ్డారు. సంగప్ప వెళ్లలేదు. ఇంటి ముందు కూర్చుని చిక్కుడు తీగకు పందిరి కడుతున్నాడు. అప్పుడే యాదగిరి సైకిల్ మీద రొప్పుతూ వచ్చాడు.

"బావా, మా సార్ పటం మార్చిండు. పచ్చవి లెక్కలేనన్ని అయినయంట. ఊరు మొత్తంల సున్నమేసిన మేడ ఒక్కటేనంట. ఇయ్యాల్టి సంది 'తెల్లమేడ దగ్గర ఎడమకు'."

మాట పూర్తికాకముందే మొదటి విమానం వినిపించింది. ఊళ్లోని పచ్చ కప్పులన్నిటి మీదా తువ్వాలలు లేచాయి. విమానం ఒక్కదాన్నీ పట్టించుకోక నేరుగా వచ్చి, సంగప్ప నెత్తిన రెక్క వంచి తిరిగింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

నర్సింహమ్మ పెట్టె తెరిచి ఎర్ర తువ్వాల తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"విమానంల మీ తమ్ముడు లేడు గదా," అన్నాడు సంగప్ప.

"లేడు. ఈడనే ఉన్నడు. అయినా ఎక్కు. అందరు చూస్తున్నరు."

ఎక్కాడు. పంచాయతీ ఆఫీసు దగ్గర ఏడుగురూ మొహమొహాలు చూసుకున్నారు. పైలట్ ఉన్నాడో లేడో, రంగు మార్చినా విమానం పటేల్ ఇంటికే వంగుతుంటే ఇక మనుషులెంత అన్నాడు అహరోను సార్. మధ్యాహ్నానికి ఏడు కాగితాలూ చిరిగాయి, సార్ చేతి రాతతో సంగప్ప పేరున ఎనిమిదోది దాఖలైంది. సంగప్ప ఏకగ్రీవంగా సర్పంచ్ అయ్యాడు. తండ్రి ఫోటో తుడిచి దండ వేశాడు.

కొత్త పంచాయతీ మొదటి తీర్మానం అహరోను సార్ రాసుకొచ్చాడు. కామాలన్నీ సరిగ్గా ఉన్నాయి. "గ్రామంపై విమానాల శబ్దము ఒకే గడపకు పరిమితమగుచు, మిగిలిన ప్రజలకు తీరని అన్యాయము జరుగుచున్నది. కావున సదరు శబ్దమును కులమత భేదము లేకుండ, గడపగడపకు సమానముగ పంచవలసినదిగా పై అధికారులను కోరడమైనది."

"న్యాయమే సార్," అన్నాడు సంగప్ప. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. ప్రజల కష్టం చూసి మనసు కరిగినట్టు తలూపి, సంతకం చేశాడు. తర్వాత కలం తిరిగి సార్ చేతికిచ్చాడు.

"కింద ఇంకొక్క తీర్మానం రాయుండ్రి సార్. ఇయ్యాల్టి సంది ఊర్ల ఏ ఇంటికి సున్నం వెయ్యాలన్నా సర్పంచ్ పర్మిషన్ తీసుకోవాలె."