మేయర్‌గారి కోసం మూడువందల పన్నెండు కిడ్నీలు

పెత్రిసా దీవి మేయర్ థెమిస్టోక్లిస్ వర్దలాకోస్‌గారి కిడ్నీలు రెండూ పదవీ విరమణ చేశాయని ఒక సోమవారం పొద్దున్న మునిసిపాలిటీ ప్రకటించింది. ప్రకటనను మేయర్‌గారే బాల్కనీలో నిలబడి మైకులో చదివారు.

"ఇరవై రెండేళ్లు ఈ దీవికి సేవ చేసి అవి అలిసిపోయాయి. నేను అలిసిపోలేదు."

కింద రేవులో జనం చప్పట్లు కొట్టారు. కొందరు కళ్లు తుడుచుకున్నారు. మేయర్‌గారి వెనక గొడుగు పట్టుకుని నిలబడ్డ సెక్రటరీ ఆర్గిరిస్ ఆ ఏడ్చినవాళ్ల పేర్లు రాసుకున్నాడు.

సంగతి మాత్రం నిజంగా గట్టిదే. వారానికి మూడుసార్లు మేయర్‌గారు పడవెక్కి అవతలి ఒడ్డు ఆస్పత్రికి వెళ్లి, నాలుగేసి గంటలు డయాలసిస్ మెషీన్ పక్కన పడుకుంటున్నారు. ఆయన గుండె ఈ రాకపోకలను ఇంకో ఏడాదికి మించి తట్టుకోదని డాక్టర్లు తేల్చేశారు. ఈలోగా ఎవరైనా బతికున్న మనిషి కిడ్నీ ఇవ్వాలి.

"ఎవరైనా ఏంటి సార్, క్యూ కడతారు" అన్నాడు ఆర్గిరిస్.

అతని ధీమాకి కారణం ఉంది. మేయర్‌గారు మూడువందల పన్నెండు పెళ్లిళ్లలో వధూవరుల తలల మీద కిరీటాలు మార్చారు. అలా మార్చిన పెద్దమనిషిని అక్కడ కుంబారోస్ అంటారు. ఆ చుట్టరికం రక్తసంబంధం కంటే ఒక మెట్టు పైన, ఎన్నికల్లో అయితే రెండు మెట్లు పైన. సాయంత్రానికల్లా మూడువందల పన్నెండుమంది పెళ్లికొడుకులూ వచ్చి పేర్లు రాయించుకున్నారు. మొదటి పేరు ఆర్గిరిస్‌దే. మేయర్‌గారి సొంత తమ్ముడు మాత్రం ఆ సాయంత్రమే మెల్‌బోర్న్ విమానం ఎక్కాడు.

చట్టం ఒక మెలిక పెట్టింది. దాత దగ్గరి బంధువు కాకపోతే, రోగితో గాఢమైన అనుబంధం ఉందని కోర్టులో రుజువు చేసుకోవాలి. దీవి అంతా కూర్చుని ప్రేమను కాగితం మీద పెట్టింది. "ఆయన కనబడని రోజు నాకు కీమా సరిగ్గా పడదు" అని మాంసం కొట్టు స్త్రాతోస్ రాసిచ్చాడు. ఫుట్‌బాల్ టీం గోల్‌కీపరు పదకొండు పేజీలు ప్రేమించాడు. అవన్నీ చదివిన జడ్జిగారు అందరికీ అనుమతి ఇచ్చి, మూడు రోజులు సెలవు పెట్టారు.

శనివారం ఏథెన్స్ నుంచి డాక్టర్ ఎవ్‌డొకియా తన బృందంతో దిగింది. రేవు నుంచి ఆమెను ఆర్గిరిస్సే కారులో తీసుకొచ్చాడు, కొండ మీది పదిహేడు మలుపులూ ఒంటిచేత్తో తిప్పుతూ. బడి వ్యాయామశాలలో బల్లలు వేశారు. బ్యాండు వాయించారు. మొదట స్త్రాతోస్ చొక్కా విప్పుకుంటూ వచ్చాడు.

"ఎడమది తీస్కోండి డాక్టరమ్మా. కుడివైపు నాకు కత్తి పట్టుకోడానికి కావాలి."

"ఇవాళ తియ్యం నాయనా. పరీక్షలే. నీ ఆరోగ్య బీమా నంబరు చెప్పు." ఆమె కంప్యూటర్లో కొట్టి, కళ్లజోడు సవరించుకుంది. "నీకు రెండు కళ్లూ కనబడవని ఉందే ఇక్కడ?"

స్త్రాతోస్ చొక్కా విప్పడం ఆపాడు.

"అదా. అది కాగితం మీద."

"మరి మాంసం ఎలా కొడతావు?"

"వాసన పట్టి."

"చూడు నాయనా, దాత అంటే ఒంట్లో ప్రతి భాగం బాగుండాలి. కళ్లు, చెవులు, వెన్ను, అన్నీ నేను పరీక్షించి కంప్యూటర్లో ఎక్కిస్తాను. ఆ రిపోర్టు వికలాంగుల పింఛను ఆఫీసుకి కూడా దానంతటదే వెళ్తుంది. ఎక్కించమంటావా?"

స్త్రాతోస్ మేయర్‌గారి ఫొటో వంక ఒకసారి ప్రేమగా చూశాడు. తర్వాత చేతులు ముందుకు చాపి, గోడ తడుముకుంటూ తలుపు వెతుక్కున్నాడు.

వార్త క్యూ చివరిదాకా పాకడానికి నిమిషం పట్టింది. గంతులేస్తూ వచ్చిన గోల్‌కీపరు తడుముకుంటూ వెళ్లాడు. అతను కూడా కాగితం మీద అంధుడే. ఆ సంవత్సరం టీం తిన్న గోల్స్ చూసినవాళ్లెవరూ దాన్ని శంకించరు. మధ్యాహ్నానికి మందుల షాపులో ఊతకర్రలు అయిపోయాయి. నల్లకళ్లద్దాల కోసం ఇద్దరు పెళ్లికొడుకుల మధ్య తోపులాట జరిగింది. వాళ్లలో చెవిటివాడు రెండోవాడి తిట్లన్నిటికీ వరసగా జవాబు చెప్పాడు.

డాక్టరు లిస్టు తిరగేసింది. "మొదటి పేరు నీదే కదయ్యా?"

"అది జనానికి ఉత్సాహం కోసం డాక్టరమ్మా" అన్నాడు ఆర్గిరిస్. "నాకు తొంభై శాతం చూపు లేదు."

"పొద్దున్న కారు బాగానే నడిపావే."

"రోడ్డుకి నేను అలవాటు."

ఆ సాయంత్రం మేయర్‌గారు మంచం మీద కూర్చుని లెక్క విన్నారు. ఆయన పాదాలు ఉబ్బి చెప్పుల్లో పట్టడం లేదు.

"మూడువందల పన్నెండుమందిలో ఒక్కడూ లేడా?"

"లేడు సార్."

"ఇంతమందికి ఈ వికలాంగుల సర్టిఫికెట్లు ఎవడిచ్చాడు?"

"తమరే సార్. పెళ్లి కానుకగా."

మేయర్‌గారు కాసేపు తన దానగుణాన్ని తల్చుకున్నారు. "ఊళ్లో ఆరోగ్యంగా ఉన్నవాడే లేడంటావా?"

ఆర్గిరిస్ బీరువాలన్నీ వెతికాడు. సర్టిఫికెట్ అడిగి లేదనిపించుకున్న ఫైలు ఇరవై రెండేళ్లలో ఒకే ఒక్కటి దొరికింది. ఇగ్నాతిస్ కర్వెలాస్, ఆక్టోపస్‌లు పట్టేవాడు. ఆరుసార్లు దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆరుసార్లూ మునిసిపల్ డాక్టరు "సకల అవయవములు సలక్షణముగా ఉన్నవి" అని రాశాడు, కింద మేయర్‌గారు సంతకం పెట్టారు.

"వీడికి ఎందుకివ్వలేదు?"

"మనకి ఓటెయ్యడు సార్. వెయ్యనని మీ ముఖం మీదే చెప్పాడు."

"నిజాయితీపరుడు" అన్నారు మేయర్‌గారు గద్గదంగా. "అలాంటివాడి కిడ్నీయే నాకు కావాలి."

ఇగ్నాతిస్ రేవు గట్టు మీద ఒక ఆక్టోపస్‌ను మెత్తబడేందుకు రాయికేసి బాదుతున్నాడు. ఆర్గిరిస్ ఆ చప్పుళ్ల మధ్యే విషయం విడమరిచి చెప్పాడు.

"నా కిడ్నీయా? వర్దలాకోస్‌కా?" ఇగ్నాతిస్ ఆక్టోపస్‌ను కింద పెట్టాడు. "పరీక్ష చేసి, ఏముందో ఏం లేదో కాగితం మీద రాసి, ముద్ర వేసి ఇస్తారా?"

"ప్రభుత్వ ముద్ర మామా. ఏథెన్స్ ముద్ర."

"అయితే పద."

ఆర్గిరిస్‌కి ఆనందంతో కాళ్లు నిలవలేదు. ఎందుకింత తొందరగా ఒప్పుకున్నాడని అడగాలని కూడా తోచలేదు. అనుబంధం సంగతి కోర్టులో కాస్త ఇబ్బంది పెట్టింది.

"ఇరవై రెండేళ్లుగా ఈయన్ని రోజూ పొద్దున్నే తిట్టుకుంటున్నానండి" అన్నాడు ఇగ్నాతిస్. "కాఫీ కంటే ముందు."

"ఒక్క రోజు కూడా మానలేదా?"

"ఈస్టర్ నాడు కూడా మానలేదు."

మూడువందల పన్నెండు ప్రేమలు చదివి వచ్చిన జడ్జిగారికి ఇదే అన్నిటికంటే నమ్మదగ్గ అనుబంధంగా కనిపించింది. సంతకం పెట్టేశారు.

రక్తం గ్రూపు కలిసింది. ఇద్దరి రక్తాలూ కలిపి చూస్తే పేచీ లేకుండా కలిశాయి. ఇన్నేళ్ల సర్వీసులో అన్నదమ్ముల మధ్య కూడా ఇంత పొత్తు చూడలేదంది డాక్టర్ ఎవ్‌డొకియా. మేయర్‌గారు ఇగ్నాతిస్ రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుని, రేవుకి అతని పేరు పెడతానన్నారు. బయట బ్యాండు మొదలైంది. స్త్రాతోస్ నల్లకళ్లద్దాలు పెట్టుకునే నాలుగు గొర్రెల్ని కోశాడు. ఇక మిగిలింది స్కానింగు ఒక్కటే.

డాక్టరు కుడివైపు చూసింది. "బంగారంలా ఉంది" అంది. ఎడమవైపు చూసింది. ఇంకాస్త జెల్ రాసి మళ్లీ చూసింది. పక్కకి తిరగమంది.

"ఇగ్నాతిస్, నీ ఎడమ కిడ్నీ ఏది?"

"రోటర్‌డామ్‌లో ఉందమ్మా. ఓడ మీద పనిచేసేటప్పుడు బరువులెత్తే వించ్ కొడితే చితికిపోయింది. అక్కడే తీసేశారు." నడుం మీద జానెడు మచ్చ చూపించాడు. "అందుకే కదా సర్టిఫికెట్ అడిగింది, ఆరుసార్లు."

బయట బ్యాండు ఇంకా వాయిస్తోంది.

"లేదు, ఉంది" అన్నారు మేయర్‌గారు. "సలక్షణంగా ఉందని ఆఫీసు రికార్డులో ఉంది. సరిగ్గా వెతకండి."

ఇగ్నాతిస్ చొక్కా లోపలి నుంచి ఆరు కాగితాలు తీసి బల్ల మీద పరిచాడు. "వెతకమనే నేనూ అంటున్నాను డాక్టరమ్మా. ఈయన ఆరుసార్లు సంతకం పెట్టి చెప్పాక ఉండే ఉంటుంది. దొరికితే సంతోషంగా ఇచ్చేస్తాను. దొరక్కపోతే, లేదని ముద్ర వేసి ఇవ్వండి."

"ఇదిగో, వేస్తున్నా" అంది డాక్టరు కాగితం లాక్కుంటూ. "రికార్డుకి విరుద్ధంగా రాస్తున్నాను కాబట్టి ఒక సాక్షి కావాలి. తెర మీద ఏముందో చూసి సంతకం పెట్టేవాళ్లు."

గదిలో మిగిలింది ఆర్గిరిస్ ఒక్కడే. మేయర్‌గారు అతని మోచెయ్యి పట్టుకుని తెర ముందుకి లాగారు. ఆ వేళ్లు చల్లగా, ఉబ్బి ఉన్నాయి.

"చూడరా ఆర్గిరిస్. నువ్వు చెబితే నమ్ముతాను. ఒకటుందా, రెండున్నాయా?"

తెర మీద కుడివైపు చిక్కుడుగింజలా ఒకటి స్పష్టంగా ఉంది. ఎడమవైపు చీకటి. డాక్టరు పెన్ను చాపి పట్టుకుంది. ఆమె రెండో చెయ్యి కంప్యూటర్ మీద, ఆర్గిరిస్ పేరు పక్కనే ఉంది.

ఆర్గిరిస్ చాలాసేపు చూశాడు.

"నాకేం కనబడుతుంది సార్?" అన్నాడు. "తమరే కదా సంతకం పెట్టారు."

పడవ కూత వేసింది. అది డయాలసిస్‌కి వెళ్లే రోజు. ఆర్గిరిస్ కారు డిక్కీలోంచి ఇంతవరకూ విప్పని తెల్లకర్ర తీసి విప్పాడు. మేయర్‌గారి చెయ్యి పట్టుకుని, దార్లో ఉన్న మెట్లు ఒక్కొక్కటే జాగ్రత్తగా చెబుతూ, రేవు దాకా నడిపించుకు వెళ్లాడు.