బ్రేకులకి తొందరేమొచ్చింది?

కారుకి బ్రేకులు వేయించడం చాలా తేలిక. అందుకే ఆ పని ఎవరు పడితే వాళ్లు చేస్తారు. బ్రేకులు ఎంచుకోవడం అలా కాదు! దానికి చదువు కావాలి, ఓపిక కావాలి, ఫోన్లో చార్జింగ్ కావాలి, వెన్ను నొప్పి పుట్టించని కుర్చీ ఒకటి కావాలి. తొందర మాత్రం అస్సలు పనికిరాదు.

వెనకటి మనుషులు ఎంత దురదృష్టవంతులో ఒక్కసారి ఆలోచించండి. బండి కీచుమంటే షెడ్డుకి తోలుకెళ్లేవారు. మెకానిక్ తన దగ్గరున్న ఒకే ఒక్క రకం బిగించేవాడు. సాయంత్రానికి బండి ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగేది. ఇక ఆ మనిషి ఆదివారాలు ఏం చేసుకోవాలి? నలుగురిలో కూర్చుంటే దేని గురించి మాట్లాడాలి?

మనకా కరువు లేదు. చక్రంతో పాటు తిరిగే ఇనప పళ్లెం రోటర్, దాన్ని రెండు వైపుల నుంచి పట్టి నొక్కే బిళ్లలు ప్యాడ్లు. మామూలు మనిషికి ఇంతే తెలుస్తుంది. కానీ ప్యాడ్లలో సిరామిక్ ఉంది, సెమీ మెటాలిక్ ఉంది, ఆర్గానిక్ ఉంది. రోటర్లలో సాదావి, చిల్లులున్నవి, గాట్లున్నవి, చిల్లులూ గాట్లూ రెండూ ఉండి జల్లెడలా కనిపించేవి! పెళ్లి సంబంధాలకి కూడా ఇంత ఎంపిక దొరకదు. ఇది వరం కాక మరేమిటి?

ఈ వరాన్ని చివరి బొట్టు వరకూ అనుభవించిన మహానుభావుడు నాకు తెలిసి ఒక్కడే. మా బావ.

బావ బ్యాంకు హెడ్డాఫీసులో అధికారి. రైల్లో వెళ్లి రైల్లో వస్తాడు. ఇంట్లో ఓటుహక్కు వచ్చే వయసున్న కారు ఒకటుంది. దాన్ని రోజూ నడిపేది మా అక్క. అక్క ఫిజియోథెరపిస్టు. కాళ్లు విరిగి మంచం పట్టినవాళ్ల ఇళ్లకి వెళ్లి, బతిమాలి, బెదిరించి, వాళ్లని లేపి నడిపించడం ఆమె ఉద్యోగం. వాళ్ల ఇల్లేమో వాలు రోడ్డుకి పై చివర ఉంటుంది. కింది చివర సిగ్నల్. అంటే రోజు మొదలవడమే బ్రేకు మీద మొదలవుతుందన్నమాట.

ఒక ఉదయం అక్క కాఫీ కప్పు అందిస్తూ, "ఏమండీ, బ్రేకు వేస్తే కారు కీచుమంటోంది. పెడల్ కూడా లోపలికి పోతోంది. ఎక్కడైనా చూపించండి" అంది.

బావ కళ్లు మెరిశాయి.

"చూపించేద్దాం. కానీ ముందు కాస్త స్టడీ చెయ్యాలి. ఏవి పడితే అవి వేయించేస్తామా?"

నేను ఆయన్ని తప్పుపట్టను. బావకి అక్కంటే ప్రాణం. ఆమె కారుకి లోకంలోకెల్లా మంచి బ్రేకులు ఉండాలన్నది ఆయన కోరిక. మామూలువి వేయించడానికి మనసొప్పలేదు. ప్రేమ ఉన్నవాడు అంత తొందరగా ఒక నిర్ణయానికి వస్తాడా చెప్పండి!

అలా స్టడీ మొదలైంది. బావ పాత కార్లవాళ్ల గ్రూపులో చేరాడు. రాత్రి భోజనాల దగ్గర రోటర్ల వీడియోలు, రైల్లో ప్యాడ్ల రివ్యూలు. ఆ రివ్యూలు నాకూ చదివి వినిపించేవాడు. ఒకాయన అయిదు నక్షత్రాలిచ్చి, "ప్యాకింగ్ అద్భుతం. ఇంకా బిగించలేదు" అని రాశాడు. ఇంకొకాయన ఒక్క నక్షత్రమే ఇచ్చి, "డెలివరీవాడు మేడ మీదికి తెచ్చివ్వలేదు" అన్నాడు. బావ ఈ రెండింటికీ సగటు కట్టి, మూడు దగ్గర ఆగి, తల పట్టుకున్నాడు. ఎవరో ఒకావిడ మాత్రం "కారు బాగా ఆగుతోంది" అని రాసింది. దాన్ని బావ పక్కన పెట్టేశాడు.

"వివరాల్లేవోయ్. లోతుగా ఆలోచించే మనిషి కాదు" అన్నాడు.

ఇంకో సైటు ఇంకా గొప్పది. మీరు బండి ఎలా నడుపుతారని అడిగింది. రేసులకా? కొండ దారుల్లోనా? బరువులు లాగడానికా? 'మామూలుగా' అనే గడి కూడా అడుగున ఉంది గానీ, దాన్ని నొక్కడానికి బావకి నామోషీ అనిపించింది. ఇంటి ముందు వాలును తలుచుకుని కొండ దారులు అన్నాడు. వెంటనే ఒక జత సిఫారసు వచ్చింది. అవి బాగా వేడెక్కితే గానీ పట్టవట.

"అవి వేడెక్కేలోపు సిగ్నల్ వచ్చేస్తుంది కదా బావా?" అన్నాను.

"అదే కదా నేనూ ఆలోచిస్తున్నది" అన్నాడు, ఎంతో తృప్తిగా.

ఈలోపు అక్క ఏం చేస్తోంది? ఆవిడ కూడా పరిశోధనలోనే ఉంది! మొదట్లో మందుల షాపు దగ్గర బ్రేకు తొక్కితే సిగ్నల్ దగ్గర కారు ఆగేది. తర్వాత కళ్లద్దాల షాపు దగ్గరే తొక్కాల్సి వచ్చింది. ఆపైన టైలరు కొట్టు. ఇలా పైపైకి వస్తూ వస్తూ ఆఖరికి గేటు దాటకముందే కాలు పెడల్ మీద పెడుతోంది. కీచుమనే చప్పుడు పోయి ఇనుమూ ఇనుమూ రాసుకునే గరగర మొదలైంది. బావ బాల్కనీలో నిలబడి ఆ గరగరని రికార్డు చేసి గ్రూపులో పెట్టాడు. తెగ లైకులొచ్చాయి.

పిల్లల్ని కారు ఎక్కించుకోవడం అక్క మానేసింది. వాళ్లు నడిచి స్కూలుకి వెళ్తున్నారు. ఆరోగ్యం! ఇదీ వరమే కదా?

ఒక రోజు కింద సిగ్నల్ పడింది. అక్క పెడల్ ఆఖరిదాకా తొక్కింది. కారు ఆగలేదు. ఎదురుగా ఒక పెద్దాయన చేతికర్రతో రోడ్డు దాటుతున్నాడు. అక్క పై ప్రాణాలు పైనే పోయాయి. రెండు చేతులతో హ్యాండ్ బ్రేక్ లాగింది. కారు మూలిగి, వణికి, ఆయన కర్రకి జానెడు దూరంలో నిలబడింది. ఆ పెద్దాయన ఎవరో కాదు, తుంటి విరిగితే అక్క ఎన్నో వారాలు కష్టపడి నడిపించిన పేషెంటే. ఆయన వంగి అద్దంలోంచి చూసి, ముఖమంతా నవ్వుతో అడిగాడు.

"బాగా నడుస్తున్నానా అమ్మా?"

అక్క ఇంటికొచ్చి జరిగింది చెప్పింది. బావ పాలిపోయాడు. ఆమెని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాడు. కాసేపటికి ఉండబట్టలేక, "హ్యాండ్ బ్రేక్ మాత్రం గట్టిగా పట్టిందన్నమాట?" అని అడిగాడు.

మర్నాడు అక్క మొదటి పేషెంటుకి ఫోన్ చేసి, ఆలస్యమవుతుందని చెప్పి, హ్యాండ్ బ్రేక్ పట్టుకుని నత్తనడకన షెడ్డుకి పోయింది. మెకానిక్ చక్రం విప్పి, గాట్లు పడ్డ పళ్లేన్ని చూసి, "ప్యాడ్లొక్కటే చాలవమ్మా, డిస్కులు కూడా పోయాయి. ఏ కంపెనీవి వెయ్యమంటారు?" అన్నాడు.

"ఈ కారుకి సరిపోయేవి. ఇప్పుడు నీ దగ్గర ఉన్నవి."

ఎంత నిర్లక్ష్యం చూడండి! ఒక్క రివ్యూ చదవలేదు. సిరామిక్కా కాదా అని మాటవరసకైనా అడగలేదు. మధ్యాహ్నానికల్లా కారు ఆగడం మొదలుపెట్టింది.

రాత్రి భోజనాల దగ్గర మొగుడికి చెప్పింది కూడా. "బ్రేకులు వేయించేశానండీ. ప్యాడ్లూ డిస్కులూ అన్నీ కొత్తవే." బావ చెవుల్లో ఇయర్ ఫోన్లున్నాయి. ఎదురుగా ఫోన్లో ఎవరో రెండు రోటర్లని పక్కపక్కన పెట్టి పోలుస్తున్నాడు. బావ ఆమె వైపు ప్రేమగా చూసి "ఊఁ" అన్నాడు. చెప్పాల్సింది చెప్పానని అక్క అన్నం తిని పడుకుంది.

వారం తిరక్కుండా బావ నన్ను బాల్కనీలోకి పిలిచాడు. కారు వాలెక్కి వచ్చి గేటు దగ్గర ఆగింది.

"ఏమోయ్, విన్నావా?"

"ఏమీ వినపడలేదే బావా."

"అదే! అదే చెబుతున్నా!" అని నా భుజం చరిచాడు. ఆయన సిద్ధాంతం ఏమిటంటే, తొందరపడి మార్చకుండా వదిలేస్తే పాత ప్యాడ్లు రోటర్లతో రాసుకుని రాసుకుని తమంతట తామే సర్దుకుంటాయి. అప్పటికే గ్రూపులో రాసేశాడు కూడా. 'ఓపిక పట్టండి, మీ బ్రేకులు మిమ్మల్ని నిరాశపరచవు' అని శీర్షిక. కింద పొగడ్తల వాన!

నేను వంటింట్లోకి వెళ్లి ఆ రాత అక్కకి చూపించాను. ఆమె గోడ పట్టుకుని నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ కింద జవాబులు చదువుతూ చదువుతూ ఒక చోట ఆగిపోయింది. నవ్వు పోయింది.

అక్కడ ఎవరో పెద్దమనిషి రాశాడు: "చాలా థాంక్సండీ. మా ఆవిడ కారు కూడా ఇలాగే గరగరమంటోంది. రేపు షెడ్డుకి పంపుదామనుకున్నాను. మీ అనుభవం చదివాక ఆగాను."

అక్క బావని పిలిచి, ఇయర్ ఫోన్లు తన చేత్తోనే తీసి, విషయం మళ్లీ చెప్పింది. బావ ఫోను కింద పెట్టి నెమ్మదిగా, "ఇంతకీ ఏ ప్యాడ్లు వేయించావు?" అన్నాడు.

అక్క ఆయన ఫోను తీసుకుని తనే టైపు చేసింది. "నేను ఈయన భార్యని. కారు నడిపేది నేను. ఏదీ సర్దుకోలేదు, నేనే కొత్తవి వేయించాను. లేకపోతే ఒక మనిషిని చంపేదాన్ని. దయచేసి ఆగకండి. పెడల్ ఎంత లోతుకి పోతోందో మీ ఆవిడని అడగండి."

పాఠక మహాశయులారా, మన గ్రూపులు ఎంత చురుకైనవో మీకు తెలియనిదా? క్షణాల్లో జవాబులొచ్చి పడ్డాయి. "ఏ బ్రాండు మేడమ్?" "సిరామిక్కా?" "చిల్లులున్నవా, సాదావా?" "ఫోటో పెట్టగలరా?" ఆమె వేయించుకున్న బ్రేకుల మీద ఇప్పుడు రెండు వర్గాలుగా చీలి హోరాహోరీగా వాదించుకుంటున్నారు.

ఆ పెద్దమనిషి మాత్రం ఇంతవరకూ ఒక్క ముక్క రాయలేదు. అక్క పేషెంటుకీ పేషెంటుకీ మధ్య ఫోన్ చేసి, ఏమైనా వచ్చిందా అని బావని అడుగుతోంది. ఆయన షెడ్డుకి వెళ్లే ఉంటాడని బావ ధైర్యం చెబుతున్నాడు. వెళ్తే మంచిదే. కానీ ఆ కారు నడిపేది ఆయన భార్య, ఆమె ఆ గ్రూపులో లేదు.