కేబుల్ చెడితేనే కాపురం

కొత్తగా పెళ్ళయిన జంటకు మీరేం కానుక ఇస్తారు? గోడ గడియారమా? మా ఇంట్లో ఇప్పటికే నాలుగున్నాయి, నాలుగూ నాలుగు టైములు చూపిస్తున్నాయి. మిక్సీయా? అవి మూడు. నా మాట వినండి. కొత్త దంపతులకు ఇవ్వదగ్గ కానుక ఈ లోకంలో ఒక్కటే ఉంది. అది చెడిపోయిన కోయాక్సియల్ కేబుల్!

నవ్వకండి. నేను చదువుకున్నదాన్ని. పైగా రెండు నెలల కాపురం చేసిన అనుభవశాలిని.

కోయాక్సియల్ కేబుల్ అంటే తెలియనివారికి రెండు ముక్కల్లో చెబుతాను. మీ టీవీ వెనకాల దూరే నల్లటి తీగ ఉంది చూశారూ, ఇది ఆ జాతిదే. మధ్యలో రాగి తీగ, దాని చుట్టూ తెల్లటి ప్లాస్టిక్, దాని చుట్టూ సన్నటి లోహపు అల్లిక, ఆ పైన తొడుగు. మా ల్యాబులో దీనికి ఒక కొసన టెస్టింగ్ మెషీను ఉంటుంది, రెండో కొసన మేము పరీక్షించే పెట్టె. సిగ్నలుకు బలం పెంచే ఆ పెట్టె అరచేతిలో పడుతుంది. దానిలోకి మేము పంపే సిగ్నల్ సెకనుకు పద్ధెనిమిది వందల కోట్ల సార్లు ఊగుతుంది.

అంత వేగంలో కేబుల్ మామూలు తీగలా పడి ఉండదు. కొత్త అల్లుడిలా అయినదానికీ కానిదానికీ అలుగుతుంది. నిటారుగా పెడితే ఒక రీడింగు, కాస్త వంచితే ఇంకొకటి, పక్కన ఎవరైనా తుమ్మితే మరొకటి. మంచి కేబుల్ అయితే ఎంత వంచినా మాట మార్చదు. మాది మంచి కేబుల్ కాదు. దేవుడి దయ!

ఈ భాగ్యం మాకెలా కలిగిందంటారా? అందుకు మా కొనుగోళ్ళ అధికారికి చేతులెత్తి మొక్కాలి. ఆయన్ని అందరం బేరాల బాబాయ్ అంటాం. చాటుగా కాదు, ఎదురుగానే. ఆయనకది బిరుదు. మేము యాభై ఓముల కేబుల్ కావాలని రాసిస్తే, ఆయన టీవీలకు వాడే డెబ్బై అయిదు ఓముల చుట్ట భుజాన వేసుకుని విజయగర్వంతో వచ్చారు.

"యాభై అడిగితే డెబ్బై అయిదు తెచ్చాను. అదే ధరకు! ఇంకా ఆ మొహాలేమిటి?"

"ఎక్కువైతే లాభం కాదు బాబాయ్. మెషీనుదీ కేబుల్‌దీ ఒకే కొలత ఉండాలి. ఏడో నంబరు కాలికి పదో నంబరు చెప్పు తెస్తే ఎలా?"

"పెరిగే కాలికి పనికొస్తుంది కదమ్మాయ్!"

మెషీన్లు పెరగవని ఆయన్ని ఒప్పించడానికి నాలుగు రోజులు పట్టింది. అప్పుడు అలిగి, ఆ చుట్ట వాపసు ఇచ్చేసి, యాభై ఓముల్లోనే ఊళ్ళోకెల్లా చవకైనది వెతికి తెచ్చారు. పేరుకే యాభై. బిగించి పట్టుకున్న చోట నలభై, వంచిన చోట అరవై. అదే మా కేబుల్!

ఇక అసలు సంగతికి వస్తాను. మా ఆయనా నేనూ ఒకే ల్యాబులో పనిచేస్తాం. అయితే కంపెనీకి ఒక రూలుంది: భార్యాభర్తలు ఒకే షిఫ్టులో ఉండరాదు. కనుక ఆయనది పొద్దున ఆరు నుంచి రెండు, నాది రెండు నుంచి పది. నేను ఇల్లు చేరేసరికి ఆయన మంచి నిద్రలో ఉంటారు. ఆయన బయల్దేరేటప్పుడు నేను ఇంకా మంచి నిద్రలో ఉంటాను. మనుషులం ఒక్కో షిఫ్టే చేస్తున్నాం గానీ, మా మంచం మాత్రం రెండు షిఫ్టులూ చేస్తోంది పాపం!

సంసారమంతా ఫ్రిజ్ తలుపు మీద చీటీల్లో సాగుతుంది. "పాలు కాచాను." "గీజరు ఆపలేదు ఎవరో." "ఎవరో అంటే ఎవరు? ఇంట్లో ఉన్నదే ఇద్దరం!" ఒకరోజు మనసు ఆగక చీటీ కింద గుండె బొమ్మ గీసి వెళ్ళాను. మర్నాడు దాని పక్కన ఆయన అక్షరాలు: "ఇదేం కూరగాయ? ఎన్ని కిలోలు తేవాలి?"

మా అత్తగారు ఫోన్ చేసినప్పుడల్లా మురిసిపోతారు. "ఒకే చోట ఉద్యోగం! పొద్దస్తమానం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, ఎంత అదృష్టమే!"

"అవునత్తయ్యా. ఆయన ఐడీ కార్డు ఫోటో చాలా బాగుంటుంది."

ఇలాంటి కాపురాన్ని నిలబెట్టినది ఎవరు? పెద్దలా? స్నేహితులా? కాదు, ఆ కేబుల్!

ఎలాగంటే, షిఫ్టు మారేటప్పుడు అప్పగింత అనే కార్యక్రమం ఉంటుంది. మా ల్యాబులో ఎప్పటికీ అమ్మని పాత పెట్టె ఒకటుంది. దిగే షిఫ్టువారూ ఎక్కే షిఫ్టువారూ దాన్ని చెరోసారి కొలవాలి. ఇద్దరి రీడింగూ ఒకటైతేనే రిజిస్టరులో సంతకాలు. "అప్పగించినవారు" అన్నచోట మా ఆయన, "స్వీకరించినవారు" అన్నచోట నేను. పెళ్ళినాడు మేము సంతకం పెట్టింది ఒక్కసారే. ఇక్కడ ఆదివారం తప్ప రోజూ పెడుతున్నాం!

మంచి కేబుల్ ఉన్న ల్యాబుల్లో ఈ పని నాలుగు నిమిషాల్లో అయిపోతుందట. ఎంత దరిద్రపు ల్యాబులో! మాకు డెబ్బై నిమిషాలు పడుతుంది. ఆయన ఒక కొస, నేను ఒక కొస పట్టుకుని, కేబుల్‌ని బల్ల మీద పసిపిల్లను పడుకోబెట్టినట్టు పడుకోబెడతాం.

"ఊపిరి పీల్చకు, రీడింగు కదులుతోంది."

"ఎంతసేపు?"

"ఇద్దరిదీ ఒకటయ్యేదాకా."

"ఊపిరాడక నేను పోతేనో?"

"రీడింగు మాత్రం చక్కగా నిలబడుతుంది."

అప్పుడు నేను నవ్వుతాను. కేబుల్ కదులుతుంది. మళ్ళీ మొదటికి! కొన్నిసార్లు రీడింగు పొరపాటున తొందరగా కుదిరిపోయేది. అలాంటి ఆపదలో మోచెయ్యి అనే అవయవం ఎంత ఉపయోగమో మీకు వేరే చెప్పాలా? "అయ్యో, తగిలిందండీ" అంటాను. "ఫర్వాలేదు మేడమ్, నాకూ తగిలేలా ఉంది" అంటారు ఆయన.

ఆ డెబ్బై నిమిషాల్లోనే మేము కిటికీ తెరల రంగు నిర్ణయించుకున్నాం. ఆయన్ని చిన్నప్పుడు పిల్లి కరిచిందనీ, అందుకే పిల్లుల్ని చూస్తే మర్యాదగా పక్కకు తప్పుకుంటారనీ అక్కడే తెలిసింది. నాకు కోపం వస్తే ఎడమ కనుబొమ్మ లేస్తుందని ఆయన అక్కడే కనిపెట్టారు. మా మొదటి దెబ్బలాట కూడా కేబుల్ చెరో కొసా పట్టుకునే జరిగింది. వదిలేసి వెళ్ళిపోదామంటే రీడింగు పోతుందాయె! మూతి ముడుచుకుని పట్టుకునే ఉన్నాం. అలా ఇరవై నిమిషాలు పట్టుకున్నాక దెబ్బలాట దేని గురించో ఇద్దరికీ గుర్తు రాలేదు. లోకంలోని విడాకుల కేసులన్నీ మంచి కేబుళ్ళున్న ఇళ్ళలోనివేనని నాకు గట్టి అనుమానం. ఎవరైనా లెక్క తీస్తే బాగుండును!

ఇంత పచ్చటి కాపురం మీద మా ల్యాబు పెద్దసారు కన్ను పడింది.

"అప్పగింతకే గంట పైన పడుతోంది. ఈ ఆలస్యం ఎవరికో బాగా నచ్చినట్టుందే" అన్నారు ఒకరోజు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నేను మోచెయ్యి తడుముకున్నాను. "కేబుళ్ళ ఎంపిక నువ్వు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నావు కదమ్మా, ఓ మంచి కేబుల్ నువ్వే ఎంపిక చెయ్యి. వారం గడువు."

తన కొంప కూల్చే గునపాన్ని తననే ఎంచుకోమంటే ఎవరైనా వారంలో ఎంచుతారా? నేను మూడు వారాలు తీసుకున్నాను.

కేబుల్ ఎంపిక ఆషామాషీ వ్యవహారమా! అమ్మకందారు ఇచ్చి వెళ్ళిన మొదటి నమూనా మరీ బిగుసుకుని ఉంది. వంచితే వంగదు, అంత పొగరు మనకెందుకని రాశాను. రెండోది మెత్తగా ఉంది గానీ కొసనున్న నట్టు బిగిస్తుంటే కీచుమంది. సున్నిత మనస్కులున్న ల్యాబుకు తగదని రాశాను. మూడోది పైన ఉక్కు కవచం తొడిగిన నీలం కేబుల్. దాన్ని వంచాను, చుట్టాను, బల్లకేసి తట్టాను, మోచేత్తో రెండుసార్లు పొడిచాను. రీడింగు వెంట్రుకవాసి కదల్లేదు. ఏం మొండిదండీ! "ఎదుటివారి స్పర్శకు ఏమాత్రం స్పందించని స్వభావం" అని దాని లోపాల కింద రాసి, ఇంకో నమూనా తెప్పించమన్నాను.

మా ఆయన ఆ కాగితం చదివి, "నమూనాలు అయిపోతే?" అన్నారు.

"రంగులున్నాయిగా. ఎరుపు చూడలేదు, ఆకుపచ్చ చూడలేదు."

నాలుగో వారం మొదలవుతుండగా సోల్డరింగ్ అక్క వచ్చింది. పెట్టెల లోపల ఆవగింజంత అతుకులు వేసేది ఆవిడే, పదిహేనేళ్ళుగా. మా బల్ల పక్కన నిలబడి కొత్త కళ్ళజోడు సర్దుకుంటోంది.

"ఇదెప్పుడు అక్కా? బాగుంది!"

"నిన్నే తీసుకున్నానమ్మాయ్. ఈ నెలలో నావి పదకొండు పెట్టెలు మీ దగ్గర ఫెయిలయ్యాయి కదా. విప్పి చూస్తే అతుకులన్నీ బాగానే కనిపించాయి. బాగా కనిపిస్తున్నాయంటే నా కళ్ళే పోయినట్టు కదా? అందుకని పెట్టించుకున్నాను. ఇక బాగా వస్తాయిలే."

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అని చిన్నప్పుడు చదువుకున్నాను. పిల్లిని నేనేనని అప్పుడు ఎవరూ చెప్పలేదు.

అప్పగింతలో మేము ఆడుకున్నది పాత పెట్టెతోనే, నిజమే. కానీ ఆ తరువాత అక్క పెట్టెల్ని కొలిచింది ఏ కేబుల్‌తో? ఆ అలిగే కేబుల్‌తోనేగా!

ఆ మధ్యాహ్నమే నీలం కేబుల్ బిగించి పదకొండు పెట్టెలూ మళ్ళీ కొలిచాను. పదకొండూ పాసయ్యాయి. ఒక్కటి కూడా, ఒక్కటంటే ఒక్కటి కూడా అక్క తప్పు కాదు. పరుగెత్తుకెళ్ళి ఆవిడతో చెప్పాను.

"అయితే నా కళ్ళు?"

"బంగారంలా ఉన్నాయక్కా. కేబుల్‌కే చూపు లేదు. నేను ముందే చెప్పాల్సింది."

అక్క కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుంది. "అదా సంగతి! ఇది పెట్టుకున్నప్పటి నుంచీ మెట్లు రెండేసి కనిపిస్తుంటే ముసలితనం అనుకుంటున్నాను. నీ మొగుడితో కబుర్లకి నా కళ్ళు తాకట్టు పెట్టావటే?" అని నా చెవి మెలేసింది. గట్టిగానే మెలేసింది. అందులో సగం నవ్వు లేకపోతే నేను ఇది రాసేదాన్ని కాదు.

ఆ రోజే ఎంపిక ఫారం నింపాను. నీలం కేబులే. కొలత యాభై ఓములు. పొడవు ఒక మీటరు. వంచితే తేడా ఏమీ లేదు. చివరి గడి పేరు "నష్టం". కేబుల్ గుండా వెళ్ళేటప్పుడు సిగ్నల్ ఎంత కరిగిపోతుందో అందులో రాయాలి. ఒకటిన్నర డెసిబెల్ అని రాశాను. అక్కడితో ఆగాల్సింది. ఆగలేదు. డెబ్బై నిమిషాల్లోంచి నాలుగు తీసేసి, "దీనికి అదనంగా, రోజుకు అరవై ఆరు నిమిషాలు" అని కూడా రాసి ఇచ్చేశాను.

పెద్దసారు పిలిచారు.

"నష్టం నిమిషాల్లో ఏమిటమ్మా? ఇదేం యూనిట్?"

"కొత్త యూనిట్ సార్. మొదలుపెట్టి రెండు నెలలే అయింది."

ఆయనకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. తరువాత పడీ పడీ నవ్వారు. నవ్వుతున్నారు కదా అని ధైర్యం చేశాను.

"మమ్మల్ని ఒకే షిఫ్టులో వెయ్యొచ్చు కద సార్?"

"రూలమ్మా! మొగుడూ పెళ్ళాలు ఒకే షిఫ్టులో ఉంటే పని చెడుతుంది."

"పెళ్ళికి ముందు రెండేళ్ళు పక్కపక్క బల్లల దగ్గరే పనిచేశాం సార్. అప్పుడు చెడలేదే?"

"అప్పుడు మీరు మొగుడూ పెళ్ళాలు కారు కదమ్మా!"

ఇందులో తర్కం ఎక్కడో ఉండే ఉంటుంది. మెషీనుకు తగిలించి వెతికితే తప్ప మామూలు కంటికి ఆనదు.

మర్నాడు ఫారం తిరిగి వచ్చింది. నీలం కేబుల్ కొనమని పెద్దసారు సంతకం. ఒకటిన్నర డెసిబెల్ పక్కన ఎర్ర సిరాతో ఒక టిక్కు. దాని కింద అరవై ఆరు నిమిషాల పక్కన ఇంకో టిక్కు, ఆ పక్కనే ముత్యాల్లాంటి అక్షరాలు: "నష్టం లిమిట్ లోపలే ఉంది."

కేబుల్ లిమిట్ అయితే దాన్ని తయారుచేసినవాళ్ళు కాగితం మీద అచ్చువేసి ఇస్తారు, మేము చదువుకుంటాం. మరి మా ఇద్దరి లిమిట్‌ని ఎవరు కొలిచారు సార్? ఏ కేబుల్‌తో?