పసుపెక్కిన ఆటపెట్టె

శుక్రవారం ఉదయం గంగామణి అనుకున్న పని చిన్నదే. అలమారాలోని బాబా వీడియోగేమ్ పెట్టెకు దుమ్ము దులిపి, హాల్లో బల్ల మీద పెట్టాలి. అరబ్బు దేశంలో, ముబారక్ అల్ కబీర్‌లోని ఆ ఇంట్లో ఆమె పనికి చేరి నాలుగేళ్లయింది. ఇంటి యజమానిని బాబా అని, ఆయన భార్యను మామా అని పిలుస్తుంది. చిన్నప్పుడు తండ్రి కొనిచ్చిన ఆ పెట్టెను సాయంత్రం స్నేహితులకు చూపిస్తానని బాబా వారం నుంచి ఊరిస్తున్నాడు.

తుడిస్తే దుమ్ము పోయింది గానీ పసుపు పోలేదు. కింది భాగం బూడిద రంగులో బాగానే ఉంది. పై మూత మాత్రం పసుపు రాసిన గడపలా ఉంది. గంగామణి దాన్ని పట్టుకుని వంటింట్లోకి నడిచింది. నిన్న ఆ పెట్టెను జరిపింది వంటమనిషి హుస్సేన్ బీ.

"అక్కా, పసుపు చేతులతోని దీన్ని ముట్టినవా?"

"నా చేతులకు అంత పసుపుంటే ముందు నా మొగానికే అంటుండల్ల గదమ్మే," అంది రాయచోటి హుస్సేన్ బీ నొచ్చుకుంటూ.

ఇద్దరూ సబ్బుతో రుద్దారు, నిమ్మచెక్కతో రుద్దారు. పెట్టెకు నిమ్మకాయ వాసన వచ్చింది తప్ప రంగు మారలేదు. మామా చూస్తే తనను సొంతూరు జగిత్యాలకు విమానం ఎక్కించడం ఖాయమనిపించింది గంగామణికి. అదే దేశంలో ఫర్వానియాలో ఎలక్ట్రానిక్స్ రిపేరు చేసే మరిది దేవేందర్‌కు ఫోటో పంపి, ఫోన్ చేసింది.

"అది మురికి కాదు వదినా," అన్నాడు దేవేందర్. "అంటుకుంటే మండకుండ అప్పట్ల ప్లాస్టిక్‌ల బ్రోమిన్ మందు కలిపేటోళ్లు. ఏండ్లకొద్ది వెలుతురు, వేడి, గాలి తగిలి ప్లాస్టిక్కే పసుపైతది. రుద్దితే పోదు."

"మరి కింద మంచిగనే ఉందిగద?"

"పైది ఒక వాయి, కిందిది ఇంకో వాయి. నువ్వు చేసే గారెలన్ని ఒక్కతీరుగ వస్తయా? స్క్రూలిప్పి మూత ఒక్కటే తియ్యి. జుట్టుకు రంగేసే డబ్బాల, పాత రంగు గుంజే తెల్ల క్రీమ్ ఉంటది సూడు, అది మందంగ పూసి, మీద కవర్ చుట్టి ఎండల పెట్టు."

హుస్సేన్ బీ వెళ్లి తన పెట్టెలోంచి ఆ క్రీమ్ తెచ్చింది. తన జుట్టు నలుపంతా కొబ్బరినూనె మహిమేనని నాలుగేళ్లుగా చెబుతున్న మనిషి. గంగామణి స్క్రూలు విప్పి, మూత తీసి క్రీమ్ పూసింది.

మూత మిద్దెకెక్కింది. మధ్యాహ్నం మూడింటికి నీళ్ల ట్యాంకు చూడ్డానికి పైకి వెళ్లిన డ్రైవర్ అతీఖ్ కంటపడింది. తెల్లటి క్రీమ్, చుట్టూ కవరు. ఇంత ఎండలో కేకు పెట్టిందెవరని తిట్టుకుంటూ, పాడైపోకుండా తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాడు.

అయిదింటికి అతిథులు వచ్చారు. ఫ్రిజ్ తెరిచిన మామా, భర్త కేకు తెచ్చి దాచాడనుకుని కవరు విప్పి, పళ్లెంలో పెట్టి హాల్లోకి పంపింది. గంగామణి మిద్దె మీద ట్యాంకు కింద కూడా వెతికి, ఏడుపు మొహంతో దిగి వచ్చేసరికి బాబా చేతిలో కత్తి ఉంది.

ఠక్‌మంది. మళ్లీ నొక్కాడు. మళ్లీ ఠక్‌మంది.

"ఏ బేకరీది?" అని అడిగాడొక స్నేహితుడు.

"లా బాబా, లా. వద్దు, అది కేక్ కాదు," అంటూ గంగామణి పళ్లెం లాక్కుని వంటింట్లోకి పరుగెత్తింది. కడిగి, స్క్రూలు బిగించి, పెట్టెను బల్ల మీద పెట్టింది. నిన్ననే కొట్లోంచి వచ్చినట్టుంది.

స్నేహితులు పగలబడి నవ్వారు. "కొత్తది కొని మీ నాన్న పేరు చెబుతున్నావా?" అన్నాడొకాయన. బాబా ముఖం పాలిపోయింది. తండ్రి పేరు ఎత్తేసరికి ఆయన పెట్టెను దగ్గరికి లాక్కున్నాడు.

గంగామణికి అది చూసి తన భయం గుర్తులేకుండా పోయింది. ఫోన్ తీసి పొద్దుటి పసుపు ఫోటో అందరికీ చూపించింది. వచ్చిన అరబ్బీ, రాని హిందీ కలిపి, ప్లాస్టిక్ ఎందుకు పసుపెక్కుతుందో గారెలతో సహా చెప్పింది. నవ్వినవాళ్లు ఫోటోనూ పెట్టెనూ మార్చి మార్చి చూశారు. బాబా కళ్లు తుడుచుకుని, "మా నాన్న కొన్న రోజు ఇలాగే ఉండేది," అన్నాడు. కంట్రోలర్ ఆమె చేతికిచ్చి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఆమె చేతిలో మూడుసార్లు ఓడిపోయాడు కూడా.

ఆ తర్వాతి శుక్రవారం స్నేహితులు తలా ఒక పసుపెక్కిన పాత సామానును అట్టపెట్టెలో పెట్టుకుని దిగారు. ఒకాయన ఇంటి పాత టెలిఫోను తెచ్చాడు. అది పుట్టుకతోనే పసుపు రంగుదని మూడు రోజులు ఎండబెట్టాక గానీ తెలియలేదు.