బాటనీ రికార్డు అపహరణ

"ఈ విశ్వవిద్యాలయంలో ఇకమీదట నేరమన్నది జరగదు. జరిగినా దాగదు. ఎందుకంటే ఇక్కడ నేనున్నాను!"

నా రూమ్మేటు ఈ ప్రకటన చేసినప్పుడు వాడి నోట్లో టూత్‌బ్రష్షుంది. అందుకని నేరస్తుల సంగతేమో గానీ, నురగంతా నా చొక్కా మీద పడింది.

వీణ్ణి హాస్టల్లో అందరూ భూతద్దం అంటారు. మొదటి సంవత్సరంలో బాటనీ ల్యాబులో ఆకులు చూడమని ఇచ్చిన భూతద్దాన్ని, మూడో సంవత్సరం వచ్చినా మెళ్ళో వేసుకునే తిరుగుతున్నాడు. మా గది తలుపు మీద 'అపరాధ పరిశోధకుడు. సమస్య చెప్పనక్కర్లేదు, మిమ్మల్ని చూస్తే నాకే తెలుస్తుంది' అని కాగితం అంటించాడు. దాని కింద ఎవరో పెన్సిలుతో 'అయితే నా చెప్పులెక్కడున్నాయో చెప్పు' అని రాశారు. ఆ కేసు ఆరు నెలలుగా దర్యాప్తులో ఉంది.

మామూలుగా అయితే నేను దుప్పటి ముసుగెట్టి పడుకునేవాణ్ణి. కానీ ఆ పొద్దున నాకు దిక్కు తోచని స్థితి. నా బాటనీ రికార్డు కనబడక రెండు రోజులైంది. ఏడాదంతా కూచుని గీసిన నలభై రెండు బొమ్మలు అందులో ఉన్నాయి. ఆ సాయంత్రం నాలుగింటికల్లా దాని మీద మేడమ్ సంతకం పడకపోతే ప్రాక్టికల్ పరీక్షకి రానివ్వరు. పరీక్ష లేకపోతే ఏడాది పోయినట్టే.

నా ఒక్కడి ఏడాదైతే ఏదో ఏడ్చి ఊరుకునేవాణ్ణి. ఇంట్లో ఇద్దరం ఒకరి తర్వాత ఒకరం చదువుకోవాలని ఒప్పందం. నా డిగ్రీ కాగానే మా అక్క తను ఆపేసిన చదువు మళ్ళీ మొదలుపెడుతుంది. దరఖాస్తు ఫారం తెచ్చుకుని నింపేసింది కూడా. తనకి ఫోన్ చేసి 'ఇంకో ఏడాది ఆగు అక్కా' అని చెప్పడం నా వల్ల కాదు.

"ఆఖరిసారి ఎక్కడ చూశావు?" భూతద్దం నోరు కడుక్కొచ్చి నోటుబుక్కు తెరిచాడు.

"మొన్న పొద్దున ల్యాబులో, కిటికీ పక్క బల్ల మీద పెట్టాను. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ కనబడుతోంది."

"కళ్ళు మూసుకుంటే కనబడేదాన్ని సాక్ష్యం అనరు, కల అంటారు. రికార్డులో ఏముంది?"

"ఆఖరి పేజీలో పొద్దుతిరుగుడు పువ్వు నిలువుకోత."

వాడు చటుక్కున వెనక్కి తిరిగాడు. "దీని వెనక అంతర్జాతీయ ముఠా ఉంది!"

"పొద్దుతిరుగుడు పువ్వు వెనకా?"

"వాళ్ళకి ఆ పువ్వుతో ఏం పనో మనకేం తెలుసు? నడు!"

మొదటి అనుమానం ర్యాంకరు మీద పడింది. మా క్లాసులో ఎప్పుడూ మొదట వచ్చే అమ్మాయి. మొన్న ల్యాబులో నా రికార్డు తిరగేసింది తనే. క్లాసు బయట ఆపి, భూతద్దం కళ్ళు సగం మూసి అడిగాడు.

"వీడి బొమ్మలు చూసి అసూయ పడ్డావు. అవునా?"

"వేరు అడ్డుకోత చూశాను. సైకిలు చక్రం ఎందుకు గీశాడా అనుకున్నాను. పడింది అసూయ కాదు, జాలి."

"జాలి! అంటే ఉద్దేశం ఉందన్నమాట" అంటూ వాడు రాసుకున్నాడు. ఆ అమ్మాయి నా వంక చూసి, "వీణ్ణి నువ్వే పిలిచావా, తనే తగులుకున్నాడా?" అనడిగి, జవాబు వినకుండానే వెళ్ళిపోయింది.

రెండో అనుమానం ల్యాబు అటెండరు బాబాయ్ మీద. దీని గురించి తల్చుకుంటే నాకిప్పటికీ సిగ్గేస్తుంది. ల్యాబు మూలన పాత కాగితాల కట్ట ఒకటి కనిపించిందని, నా రికార్డు బాబాయ్ చిత్తుకాగితాల వాడికి వేసేశాడని భూతద్దం తేల్చేశాడు. నేను కాదనలేదు. రెండు రోజుల నుంచి వెతికీ వెతికీ, ఎవరో ఒకరు దొంగ అయితే చాలుననే స్థితికి వచ్చాను.

బాబాయ్‌ని స్టూలు మీద కూచోబెట్టి, భూతద్దం టేబుల్ ల్యాంపు ఆయన మొహానికేసి తిప్పాడు.

"నిజం చెప్పు. ఈ వెలుగులో అబద్ధం దాగదు!"

"ఏ వెలుగు బాబూ? ప్లగ్గు పెట్టలేదు నువ్వు" అంటూ బాబాయే లేచి ప్లగ్గు పెట్టి, స్విచ్చి వేసి, మళ్ళీ వచ్చి స్టూలు మీద కూచున్నాడు. "ఆఁ, ఇప్పుడడుగు."

అడిగాడు. బాబాయ్ మొహంలో నవ్వు మెల్లగా పోయింది. నాకేసి తిరిగాడు.

"ఇరవై రెండేళ్ళుగా ఈ ల్యాబు తాళాలు నా దగ్గరే ఉన్నాయి. ఒక్క స్లైడు పోలేదు. పోయిందల్లా ఇతగాడి మెళ్ళో ఉన్న ఆ భూతద్దం ఒక్కటే. నువ్వు కూడా అలాగే అనుకుంటున్నావా బాబూ?"

నాకు తల కొట్టేసినట్టయింది. భూతద్దం మాత్రం అద్దాన్ని చొక్కా లోపలికి తోసేసి, "ఇక్కడ పని అయిపోయింది" అంటూ నన్ను బయటికి లాక్కొచ్చాడు.

"బాబాయ్ నిర్దోషైనా అయుండాలి, మహానటుడైనా అయుండాలి" అన్నాడు మెట్ల మీద. "ఏదైనా సరే, మిగిలింది ర్యాంకరే. వెంబడిద్దాం."

అప్పటికి మూడుంబావు. ర్యాంకరు లైబ్రరీ రీడింగు హాల్లో ఉంది. పరీక్షల రోజుల్లో అక్కడ కుర్చీ దొరకడం గగనం. ఖాళీగా కనిపించే ప్రతి కుర్చీ మీదా ఏదో ఒకటుంటుంది. రుమాలో, నీళ్ళసీసానో, గొడుగో, ఒక్కోసారి ఒంటి చెప్పో. వస్తువు ఉందంటే ఆ కుర్చీ వేరే వాళ్ళదని అర్థం. దాన్ని తీసి కూచున్న మహాపాపికి తర్వాత జన్మలో కూడా ఎవరూ నోట్సివ్వరు. ఇది ఏ నోటీసుబోర్డు మీదా ఉండదు గానీ, మేమంతా యూనివర్సిటీ నిబంధనలన్నిటి కంటే దీన్నే నిష్ఠగా పాటిస్తాం.

భూతద్దం వార్తాపత్రికకి రెండు కన్నాలు పెట్టి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కన్నాల మధ్య దూరం కొలుచుకోలేదు. ఒక కన్నంలోంచి వాడి కుడికన్ను కనబడుతోంది, రెండో కన్నంలోంచి చెవి. ఆ ఒంటికంటి చూపుతో బల్లల మధ్య నాలుగడుగులు వేశాడో లేదో, కుర్చీ కాలు తగిలి, కుర్చీతో సహా వెల్లకిలా పడ్డాడు. హాలంతా 'ష్‌ష్' అంది.

కుర్చీ మీదున్న గోధుమరంగు అట్ట పుస్తకం ఎగిరొచ్చి నా కాళ్ళ దగ్గర పడింది. తెరుచుకున్న పేజీలో పొద్దుతిరుగుడు పువ్వు నిలువుకోత.

నాకు ప్రాణం లేచొచ్చింది. చప్పున తీసి గుండెలకి హత్తుకున్నాను. అట్టకి గుండుసూదితో ఒక చీటీ గుచ్చి ఉంది. 'ఈ సీట్లో మనిషున్నారు. ఐదు నిమిషాల్లో వస్తాను.'

"రెండు రోజులైంది ఆ ఐదు నిమిషాలు మొదలై" అంది ర్యాంకరు పక్క బల్ల నుంచి. "వస్తానని రాశారు కదా అని ఎవరం ముట్టుకోలేదు. పాపం, నిన్న ఇద్దరు నించునే చదువుకున్నారు."

అప్పుడు గుర్తొచ్చింది. మొన్న ల్యాబు బల్ల మీంచి రికార్డు తీసుకుని తిన్నగా ఇక్కడికే వచ్చాను. కుర్చీ ఆపి టీకి వెళ్ళాను. టీ తాగాక నిద్రొచ్చింది. గదికి పోయి పడుకున్నాను.

భూతద్దం నేల మీద నుంచే చీటీ లాక్కుని అద్దం పెట్టి చూశాడు. "ఒరేయ్! ఇది నీ దస్తూరీ!"

నా గుండె జారిపోయింది.

"అంటే దొంగ నీ దస్తూరీని అచ్చుగుద్దినట్టు దించేశాడు! ఎంత కిరాతకుడు రా!"

ర్యాంకరు నావైపు చూసి నవ్వాపుకుంది. నిజం చెప్పాలంటే, ఆ కిరాతకుడు అలాగే ఉండిపోతే బాగుండుననిపించింది.

నాలుగింటికి పది నిమిషాలుందనగా బాటనీ విభాగానికి పరిగెత్తాం. మేడమ్ గది ముందు రికార్డులు తీసుకుంటున్నది అటెండరు బాబాయే. ఎదురుగా రికార్డుల దొంతర ఉంది. నన్ను చూసి చెయ్యి చాపాడు గానీ మొహం చూళ్ళేదు.

"దొరికిందా? ఎవరట దొంగ?"

"అంతర్జాతీయ..." అని భూతద్దం మొదలుపెట్టాడు.

"నేనే బాబాయ్" అన్నాను. "రీడింగు హాల్లో కుర్చీ ఆపడానికి నేనే పెట్టి మర్చిపోయాను. నిన్ను అనుమానించాను. నాకు బుద్ధి లేదు. క్షమించు."

బాబాయ్ చాలాసేపు రికార్డు అట్ట తుడుస్తూ కూచున్నాడు. తర్వాత పేజీలు తిరగేసి, వేరు అడ్డుకోత దగ్గర ఆగి నిట్టూర్చాడు. దొంతర పైన పెట్టబోయి, మళ్ళీ తీసి, జాగ్రత్తగా మధ్యలోకి దూర్చాడు.

"పైనున్న నాలుగూ మేడమ్ పేజీ పేజీ చూస్తారు. అడుగున ఉన్నవాటికి వచ్చేసరికి విసుగొచ్చి తప్పులు పడతారు. మధ్యలోవాటికి కళ్ళు మూసుకుని సంతకం పెట్టేస్తారు. నీ సైకిలు చక్రానికి అదే క్షేమం. వెళ్ళు బాబూ."

నాకు కళ్ళు చెమర్చాయి. భూతద్దం మాత్రం నన్ను వరండాలోకి తీసికెళ్ళి, రెండు భుజాలూ పట్టుకుని, ఎగాదిగా చూశాడు. తిడతాడనుకున్నాను.

"మూడేళ్ళ నుంచి పరిశోధన చేస్తున్నాను రా. ఒక్కడూ నేరం ఒప్పుకోలేదు" అన్నాడు. "నా మొట్టమొదటి నేరస్తుడివి నువ్వే!"

అంత ప్రేమగా నన్ను మా ఇంట్లోవాళ్ళు కూడా ఎప్పుడూ కౌగిలించుకోలేదు.