కొల్లేటిని కదిలించిన పాట

నలుగురమ్మాయిల బృందంలో మూడేళ్ళు వెనక వరసలో పాడిన ఇందుజ, మొదటిసారి ఒంటరిగా పాడిన పాట ఆ ఉదయం విడుదలైంది. ఇది ఆడకపోతే రెండో పాట లేదని పాటల కంపెనీవాళ్ళు ముందే చెప్పేశారు. టిఫిన్ వేళకి పట్టుమని యాభైమంది కూడా వినలేదు.

ఏలూరులో స్టీలు సామాన్ల కొట్టు నడిపే ఆమె తండ్రి వీరవెంకటరమణ ఇడ్లీ వదిలేసి లేచాడు. "ఫోన్లో వినకపోతే మైకులో వింటారమ్మా. జనం చెవులెక్కడికి పోతాయి?" అంటూ మైకు ఆటో మాట్లాడాడు. "కొల్లేటి ఊళ్ళన్నీ తిప్పెయ్ దుర్గాసాయీ. సౌండు మాత్రం తగ్గించకు," అని డ్రైవరుకి చెప్పాడు.

మోసం చేసినవాణ్ణి గుండెలోంచి వెళ్ళగొట్టే పాట అది. "ఖాళీ చేసెయ్... ఈరోజే ఖాళీ చేసెయ్..." అని మొదలవుతుంది. గుండె మాట రెండో వరసలో ఉంది. గట్ల మీద గతుకులకి ఆటో ఎగిరిపడ్డప్పుడల్లా పెన్‌డ్రైవ్ కదిలి పాట మళ్ళీ మొదటికొచ్చేది. రెండో వరస ఏ ఊరికీ చేరలేదు.

సరస్సు హద్దుల గొడవతో, తమ చేపల చెరువులు సర్కారువాళ్ళు ఎప్పుడు తీసేయమంటారోనని ఏళ్ళ తరబడి బిక్కుబిక్కుమంటున్న రైతులు ఉలిక్కిపడ్డారు.

"ఎవరో కొత్త ఆఫీసరు మేడమ్ గారే. గొంతులో ఎంత కోపముందో విన్నావా?" అన్నాడు చేపల రైతు సత్తిరాజు.

"వెనకాల డప్పు కొట్టించి దండోరా కూడా వేయిస్తున్నారండీ!" అంది అతని భార్య వీరదుర్గ.

అంతే, ఊరూరా వలలు దిగాయి. ఇంకో నెలకి పట్టాల్సిన బొచ్చె, శీలావతి చేపలు గట్టెక్కాయి. ఐసు అయిపోయింది. లారీలు చాల్లేదు. మధ్యాహ్నానికి ఏలూరులో చేపలు కొనేవాళ్ళకంటే బతిమాలి ఇచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు.

సాయంత్రం దుర్గాసాయిని ఆపి నిజం రాబట్టిన రైతులు కొట్టు మీదికొచ్చారు.

"మా చెరువులు ఖాళీ చేయమనడానికి, గిన్నెలమ్ముకునే మీరెవరండీ?" అన్నాడు సత్తిరాజు.

ఇందుజ తండ్రిని పక్కకి జరిపి ముందుకొచ్చి, పాటంతా పాడింది. చివరి చరణానికి తనకే ఏడుపొచ్చేసింది. వీరదుర్గ కొంగుతో ముక్కు తుడుచుకుని, "పిల్ల అంతలా ఏడుస్తుంటే చేపల గోలేంటండీ?" అని మొగుణ్ణి కసిరింది. "ఇంతకీ ఎవడమ్మా వాడు? ఊరు చెప్పు, మేమొచ్చి ఖాళీ చేయిస్తాం."

తెల్లారేసరికి కొల్లేటి చుట్టూ ప్రతి ఫోన్లోనూ అదే పాట. విన్నవాళ్ళు లక్ష దాటారు. రెండో పాట ఎప్పుడు మొదలెడదామని కంపెనీవాళ్ళు ఫోన్ చేస్తుండగా, కొట్టు ముందు జీపు ఆగి, సరస్సు హద్దులు చూసే అధికారి ఒకాయన దిగాడు.

"ఏళ్ళుగా నోటీసులిస్తున్నా ఒక్క చెరువూ కదల్లేదమ్మా. మీరు ఒక్కపూటలో కదిలించారు. మా ప్రకటనలన్నీ ఇకమీదట మీరే చదివిపెట్టాలి," అన్నాడు చేతులు జోడించి.

ఇందుజ ముఖం వెలిగిపోయింది. "మీకూ పాట అంత నచ్చిందాండీ?"

అధికారి అయోమయంగా చూశాడు. "పాటా? ఏ పాటమ్మా?"