ఆరో నాణెం కోసం అల్లుడి అవస్థ

కళ్ళద్దాల షాపాయనకి ఈ లోకంలో ఇష్టమైనవి రెండే. ఒకటి భార్య. రెండోది నీలం మఖమలు పరిచిన చిన్న చెక్కపెట్టె. "వరస ఇదేనా?" అని ఆవిడ అప్పుడప్పుడు అడుగుతూ ఉంటుంది. "ఇదే!" అంటాడాయన ఠక్కున. అంత ఠక్కున అనడంలోనే ఏదో ఉందని ఆవిడ అనుమానం.

పెట్టెలో ఆరు గుండ్రటి గుంటలు. ఐదింట్లో ఐదు వెండి నాణేలు, పెద్దదాని నుంచి చిన్నదాని దాకా. అన్నీ చాలా పాతవి, అన్నీ ఒకే ఏడాదివి, అన్నీ ప్రూఫ్ నాణేలు. అంటే బజార్లో చేతులు మారడానికి చేసినవి కావు. టంకశాలవాళ్ళు అచ్చులకి మెరుగుపెట్టి, ఒక్కో బిళ్ళనీ ఒకటికి రెండుసార్లు ఒత్తి, చూసి మురిసిపోవడానికి చేసినవి. చుట్టూ అద్దంలా తళతళ, మధ్యలో బొమ్మ మంచు పట్టినట్టు తెలుపు. ఐదూ ఒక తల్లి పిల్లల్లా ఉండాలని, అంచున లేత నీలం చాయ లేనిదాన్నల్లా తిప్పి పంపేస్తూ తొమ్మిదేళ్ళు పోగుచేశాడు.

ఆరో గుంట, అన్నిటికంటే చిన్నది, ఖాళీ. పెట్టె తెరిచినప్పుడల్లా ముందుపన్ను ఊడిన మొహంలా కనపడేది.

ఆయన భార్య ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. "ప్రూఫంటే తప్పులు దిద్దడానికి తీసేది కదండీ?" అంది పెళ్ళైన కొత్తలో.

"అది మీ ప్రెస్సులో. మా ప్రూఫుల్లో తప్పులుండవు."

"మీ చేతిలో పడేదాకా ఉండవన్నమాట."

ప్రూఫ్ నాణెం మీద వేలు పడితే మచ్చ పడుతుంది. అంచులే పట్టుకోవాలి. ఆ అలవాటు ముదిరి ఆయన పళ్ళెం, పేపరు, బిస్కెట్టు, అన్నీ అంచులతోనే పట్టుకునేవాడు. పెళ్ళి ఫొటోలో పెళ్ళికూతురి చెయ్యి కూడా అలాగే పట్టుకున్నాడు. ఇంటాబయటా ఆయన పేరు అంచులాయన.

కింది వాటాలో మామగారుంటారు. ముప్పయ్యేళ్ళు బస్సు కండక్టరు చేసి రిటైరయ్యారు. గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది. వీధిలో అందరికీ ఆయన రైట్‌రైట్ తాతగారు. ఒక కథ మొదలుపెడితే స్టాపు స్టాపుకీ ఆపి, దిగినవాళ్ళనీ ఎక్కినవాళ్ళనీ పేరుపేరునా చెప్పి గానీ ముందుకి పోనివ్వరు. అందుకే అల్లుడు సాయంత్రం షాపు కట్టేసి వచ్చాక, చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా మెట్లెక్కేవాడు.

ఒకరోజు కుళాయి కారుతోందంటే తప్పక కిందికి దిగాడు. దిగినవాడు రేడియో మీదున్న గాజుగిన్నె చూసి అక్కడే నిలబడిపోయాడు. అందులో ఆ ఆరో నాణెం! అదే ఏడాది, అదే నీలం అంచు.

"మామగారూ, ఇదెక్కడిదండీ?"

"మా అమ్మాయి పుట్టిన రోజున ఎవరో ప్యాసింజరు టికెట్టుకిచ్చాడు. పొద్దున్నే, నాలుగో స్టాపులో. అద్దంలో చూసుకున్నట్టు నా మొహం కనిపించింది. సంచీలో నా డబ్బులేసి ఇది దాచుకున్నా."

"నాకిచ్చేయకూడదూ?"

"చూసుకోండి అల్లుడుగారూ, ఎంతసేపైనా చూసుకోండి. ఇవ్వడం మాత్రం కుదరదు."

ఆ రోజు నుంచి అంచులాయన రోజూ కిందికి దిగడం మొదలెట్టాడు. రోజుకో రకంగా అడిగేవాడు, రోజూ ఒకే జవాబు. మధ్యలో ఒక బస్సు కథ విని పైకొచ్చేవాడు. రెండు నెలలు గడిచాయి. అడగడంతో పని కాదని తేలిపోయింది. పథకం వేశాడు.

అదే ఏడాది, అదే బిళ్ళ, మామూలు రకం ఒకటి సంపాదించాడు. మూడు రోజులు షాపులో కూర్చుని దానికి పాలిష్ పెట్టాడు. ఆదివారం మధ్యాహ్నం భార్యని వెంటబెట్టుకుని కిందికి దిగి, "మీ కళ్ళద్దాలకి గీతలు పడ్డాయి మామగారూ, కొత్తవి వేయిస్తా. అందాకా ఇవి పెట్టుకోండి" అని జేబులోంచి ఒక జత తీసిచ్చాడు. వాటి పవరుకీ ఆయన కళ్ళకీ ఏ మాత్రం సంబంధం లేదు.

మామగారు అవి పెట్టుకోగానే కొక్కేనికి వేలాడుతున్న కోటుని "రండి రండి, కూర్చోండి" అన్నారు. టీ కప్పులో పోయబోయి పూలకుండీలో పోశారు. మూలనున్న చీపురువైపు తిరిగి "ఏమ్మా, అలా నిలబడ్డావేం?" అన్నారు.

"నాన్నా, నేనిక్కడున్నా!"

"నువ్వేనా? ఒక్కసారిగా ఇంత చిక్కిపోయిందేమిటా అని హడలిపోయా."

ఇదే అదననుకుని అల్లుడు గాజుగిన్నెలోకి పట్టకారు దింపాడు. కుడిచేతి పట్టకారులో గిన్నెలోది, ఎడమచేతి అంచుల్లో తను తెచ్చింది. సరిగ్గా అప్పుడే మామగారు వెనకనుంచి "అల్లుడుగారూ!" అని బస్సు ఆపే గొంతుతో అరిచారు. రెండూ కిందపడి, దొర్లుకుంటూ బీరువా కిందికి పోయాయి.

అల్లుడు కూడా వాటి వెనకే పోయాడు. లోపల చీకటి. ముప్పయ్యేళ్ళ కండక్టరు ఇల్లు కదా, తడిమిన చోటల్లా జారిపడ్డ చిల్లరే! ఇంతలో ఎవరో కాలు పట్టి లాగారు.

"ఈ దుడ్డుకర్ర ఇక్కడెవరు పడేశారే?" అంటున్నారు మామగారు.

"అది నా కాలు మామగారూ!"

"మీ కాలు బీరువా కింద ఏం చేస్తోంది?"

"బొద్దింక... బొద్దింక దూరింది!"

"అంచులు పట్టుకుని తీసుకురండి" అంది భార్య, కుర్చీలోంచి లేవకుండా.

చేతికందిన రెండు నాణేలు పట్టుకుని ఎలాగో బయటపడ్డాడు. ఒకటి గిన్నెలో వేసి, ఒకటి జేబులో వేసుకుని, బూజుతో సహా పైకి పరిగెత్తాడు. భూతద్దం పెట్టి చూస్తే మామూలు నాణెం. 'అయ్యో, నాదే తెచ్చుకున్నట్టున్నా' అనుకున్నాడు. మర్నాడు వెళ్ళి గిన్నెలోది చూశాడు. అదీ మామూలుదే.

కూతురు పుట్టిన రోజున దొరికిన నాణెం, ఇన్నేళ్ళు కాపాడుకున్నది, తన చేతులతో పోగొట్టాడు! ఇప్పుడది తన పెట్టెలోకి రానక్కర్లేదు. మామగారి గిన్నెలోకి తిరిగొస్తే చాలు.

"ఇల్లు దుమ్ముగా ఉంది మామగారూ, నేను ఊడుస్తా."

ఆ రోజు బీరువా జరిపాడు. తర్వాతి రోజు మంచం. ఆ తర్వాత అటకెక్కి, అక్కడికి నాణెం ఎగరదని తెలిసి కూడా, అదీ ఊడ్చాడు. గుప్పెడు చిల్లర దొరికింది గానీ అద్దంలా మెరిసేది ఒక్కటీ లేదు. మామగారు మాత్రం కుర్చీ వేసుకుని, ఆయన వెనకే జరుపుకుంటూ, వరదలో బస్సు ఆగిపోయినప్పటి కథ ఐదు రోజుల పాటు చెప్పారు.

ఐదో రోజు సాయంత్రం అంచులాయన చీపురు కింద పెట్టేశాడు.

"మామగారూ, నేను దొంగని. మీ నాణెం మార్చేద్దామని వచ్చి, ఎక్కడో పారేశాను. క్షమించండి."

మామగారు గుమ్మంవైపు చూశారు. అక్కడ కూతురు నిలబడి ఉంది. చేతిలో నీలం మఖమలు పెట్టె. మూత తెరిచింది. ఆరు గుంటలూ నిండి ఉన్నాయి.

"నాన్న నెల కిందే నాకిచ్చేశారు. 'మీ ఆయనకివ్వమ్మా, పాపం రోజూ అడుగుతున్నాడు' అని. మామూలుదానికి పాలిష్ పెట్టి గిన్నెలో వేసింది నేనే."

"నెల కిందా?" అన్నాడు అంచులాయన. నెల రోజులుగా పాలిష్ పెట్టిన మామూలు బిళ్ళని గాజులోంచి చూసి లొట్టలేసినవాడు! ఊరందరికీ కళ్ళు బాగుచేసే మనిషి! "మరి నాకివ్వలేదేం?"

"ఇచ్చేస్తే మళ్ళీ చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లెక్కేస్తారు కదా!"

అల్లుడు సిగ్గుతో తల వంచుకున్నాడు. మామగారు గొంతు తగ్గించడం ఆయన మొదటిసారి విన్నాడు.

"మీరొస్తుంటే బాగుందండీ. అందుకే రెండు నెలల క్రితం అడిగినప్పుడే ఇవ్వలేదు. తప్పు నాదీ ఉంది."

"తప్పులు ఎవరివైనా దిద్దేది నేను" అంది కూతురు. "ఈ పెట్టె ఇక్కడే, రేడియో మీద ఉంటుంది. చూడాలనిపిస్తే దిగి వచ్చి చూడండి. బీరువా కిందికి దూరాల్సిన పన్లేదు."

తీర్పు అయిపోయింది. అంచులాయన మామగారికి అసలు కళ్ళద్దాలు తెచ్చిచ్చాడు. ఆయన అవి పెట్టుకుని, ఆరు నాణేలనీ ఒక్కొక్కటే చూసి, "ఇంత బాగుంటాయని నాకూ తెలీదు సుమండీ" అన్నారు. ఆ సాయంత్రం మొదటిసారి అల్లుడు కథ చెప్పాడు, మామగారు విన్నారు. తొమ్మిదేళ్ళ కథ కదా, అది కూడా స్టాపు స్టాపుకీ ఆగింది.

మూడు నెలల తర్వాత భార్యకే జాలేసింది.

"శిక్ష చాల్లెండి. పెట్టె పైకి తెచ్చేసుకోండి."

అంచులాయన అప్పటికే చెప్పులు వేసుకుని, మెట్లు దిగబోతున్నాడు.

"ఎందుకులే" అన్నాడు, వెనక్కి చూడకుండా. "కిందైతే వెలుతురు బాగుంటుంది."